రవ్వ

బొంబాయి రవ్వ, ఇడ్లీరవ్వ, గోధుమరవ్వ అని కొట్లో అడుగుతాం. పొయ్యిలోంచి ఎగిరివచ్చి చీరకొంగుకు చిల్లు పెట్టేదీ రవ్వే. అమ్మమ్మ చెవులకు తళుక్కుమనే దుద్దుల్లో ఉండేవీ రవ్వలే. ‘వజ్రాల దుద్దులు’ అనడం దుకాణాలు నేర్పిన అలవాటు. ఇళ్లల్లో పెద్దవాళ్ల నోట వచ్చే మాట రవ్వలదుద్దులు, రవ్వల ముక్కుపుడక. ఇక కొలతకు చూస్తే రవ్వంత. ‘రవ్వంత ఉప్పు వెయ్యి’ అంటాం, ‘రవ్వంత జాలి లేదు’ అనీ అంటాం.

తిండిగింజ, నిప్పు, రాయి. ఈ మూడింటికీ ఒకే పేరు ఎలా కుదిరింది? మూడూ చిన్నవే కాబట్టి అంటే సగమే చెప్పినట్టు. పిండి ఇంకా చిన్నది. నలుసు చిన్నదే. ధూళి మరీ చిన్నది. వాటిలో దేన్నీ రవ్వ అనం. తిరగలి దగ్గర కూర్చున్నవాళ్లకు ఈ తేడా బాగా తెలుసు. గింజ విరిగితే నూక, నూక నలిగితే రవ్వ, రవ్వ మెదిగితే పిండి. జల్లెడ మారిన కొద్దీ పేరు మారుతుంది. వేళ్ల మధ్య రాస్తే పిండి ముద్దగా మెత్తగా తగులుతుంది, రవ్వ మాత్రం ఒక్కొక్కటిగా తగులుతుంది. ఒక వస్తువు తన విడితనం పోగొట్టుకోకుండా ఎంత చిన్నది కాగలదో అంత చిన్నది రవ్వ. నిప్పురవ్వకూ ఆ విడితనమే ఉంది: మంట ఒకటిగా కనిపిస్తుంది, రవ్వలు లెక్కపెట్టడానికి వీలుగా ఎగురుతాయి. వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో తొలకరి వానలు పడ్డాక మనుషులు వంగి వెతికేది కూడా, నేలంతటిలోనూ కలవకుండా విడిగా మెరిసే ఒక్క వజ్రపు గింజకోసమే.

ఇది మన ఒక్కరి మాటే కాదు. తమిళంలో రవై, కన్నడంలో రవె, మరాఠీలోనూ హిందీలోనూ రవా. హిందీలో పలుకు పలుకుగా ఉన్నదాన్ని ‘రవేదార్’ అంటారు. సంస్కృతంలో రవం అంటే ధ్వని. దానికీ దీనికీ అర్థంలో పొత్తు లేదు. అర్థంలో దగ్గరగా వచ్చే సంస్కృతపు మాట లవం. లవలేశమైనా లేదనేటప్పుడు వాడేది అదే. ‘లూ’ ధాతువుకు కోయడమని అర్థం, కోస్తే వచ్చిన తునక లవం. ఆ మాటలో కత్తి ఉంది. రవ్వలో కత్తి లేదు; అందులో తిరగలి ఉంది, నిప్పు ఉంది. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి ఉంచుకుందాం, కాసేపట్లో రెండూ ఒకేచోట పనికొస్తాయి.

నిఘంటువు తిరగేసేవాళ్ల కంటికి అంతగా ఆనని నాలుగో రవ్వ ఒకటుంది. నగల వర్తకంలో ‘రవా వర్క్’ అంటారు. బంగారంతో చేసిన సన్నని గుండ్లను, ఆవగింజకన్నా చిన్నవాటిని, బంగారు రేకు మీద వరసగా పేర్చి అంటించే పని. ఇంగ్లీషులో గ్రాన్యులేషన్. లాటిన్ ‘గ్రానుమ్’ నుంచి వచ్చింది, దానికీ గింజ అనే అర్థం. దానిమ్మగింజ రంగు రాయికి గార్నెట్ అన్న పేరూ ఆ మాట నుంచే, తూకంలో గ్రెయిన్ అన్నదీ ఆ మాట నుంచే. బంగారాన్ని గురిగింజలతో తూచిన జాతికి ఆ పోలిక కొత్తగా అనిపించదు.

ఆ పని ఎలా చేస్తారో చెబితే మాట బలం తెలుస్తుంది. బంగారాన్ని కమ్మచ్చులోంచి లాగి సన్నని తీగ తీస్తారు. తీగను పొట్టి పొట్టి తునకలుగా కత్తిరిస్తారు. మూసలో బొగ్గుపొడి ఒక పొర, దాని మీద ఒకదానికొకటి తగలకుండా చల్లిన తునకలు ఒక పొర, మళ్లీ బొగ్గుపొడి. అలా నింపి కొలిమిలో పెడతారు. బంగారం కరిగే వేడి 1064 డిగ్రీలు. అక్కడికి చేరగానే ఒక్కొక్క తునకా కరిగి, తలతన్యత వల్ల తనంతట తానే ముడుచుకుని గుండ్రమైపోతుంది. చల్లారాక నీళ్లతో కడిగితే బొగ్గు కొట్టుకుపోయి బంగారు గుండ్లు అడుగున మిగులుతాయి. వాటిని జల్లెడ పట్టి సైజులవారీగా వేరుచేస్తారు. కత్తిరించినప్పుడు అది అంచులున్న లవం. నిప్పులో పడి లేచేసరికి రవ్వ. గుండ్రదనం కోసం ఎవరూ సుత్తి ముట్టరు, ఆకారమంతా నిప్పుదే. వంటింటి రవ్వకు జల్లెడ, కుంపటి రవ్వకు నిప్పు, చెవిరవ్వకు మెరుపు. ఈ పనిలో మూడూ ఉన్నాయి.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఒక జత బంగారు కర్ణాభరణాలున్నాయి. క్రీ.పూ. 1వ శతాబ్దానివి, బహుశా ఆంధ్రదేశంలో తయారయినవని మ్యూజియం చెబుతుంది. వాటిని కాస్త దగ్గరగా చూడాలి. ఒక్కో నగలో నడుమ జంటకాడ తీగ, దాని నుంచి రెండు పక్కలకూ సాగిన మొగ్గల్లాంటి నలుపలకల దిమ్మెలు. ఒక మొగ్గ మీద రెక్కలున్న సింహం, రెండో దాని మీద ఏనుగు. రేకును వెనకనుంచి కొట్టి ఉబ్బెత్తుగా తెచ్చిన ఆ జంతువుల ఒంటినిండా రవ్వలు. సన్నని తీగముక్కలు, రేకుముక్కలు, రవ్వలు కలిపి ఒక్కో వివరాన్నీ కట్టుకుంటూ వచ్చారు. ఇవి చెవితమ్మెకు వేలాడే వస్తువులు కావు. తమ్మెను సాగదీసి, దాదాపు భుజం మీద వాలేంత బరువైనవి. జగ్గయ్యపేట స్తూపం దగ్గర దొరికిన చక్రవర్తి శిల్పంలో, చెయ్యెత్తి నిలబడ్డ రాజు మీద మబ్బుల్లోంచి నాణేలు కురుస్తుంటాయి. ఆ రాజు చెవులకు ఉన్నవి ఈ తరహావే. శిల్పి చెక్కింది ఊహ కాదనడానికి ఈ జతే సాక్ష్యం.

చెవి నగను మనం కమ్మ అంటాం. తాటికమ్మ, కొబ్బరికమ్మ అన్నప్పుడు అది ఆకు. ఆకును చుట్టి చెవిరంధ్రంలో పెట్టుకున్న రోజుల నుంచి, ఆ ఆకును బంగారంతో చేయించుకున్న రోజుల వరకూ పేరు మారలేదు. వస్తువు మారినా మాట అంటిపెట్టుకుని ఉండటానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నగల్లో నాకు కనబడదు. రవ్వ విషయంలో జరిగింది దీనికి విరుద్ధం. మాట నిలిచింది, పని చేతులు మారుతూ వచ్చింది, ఒకచోట పూర్తిగా తెగిపోయింది కూడా. ఆ తెగిన చోటు ఇటలీ.

ఈ విద్య మొదట కనబడేది మెసొపొటేమియాలోని ఊర్ రాజసమాధుల్లో, క్రీ.పూ. 2500 ప్రాంతంలో. దాన్ని పరాకాష్ఠకు తీసుకెళ్లినవాళ్లు రోముకు ముందు ఇటలీ నడిగడ్డను ఏలిన ఎట్రుస్కన్లు. 1836లో చెర్వేతెరి దగ్గర రెగొలీని అనే మతాధికారి, గలాస్సీ అనే సేనాని కలిసి ఒక సమాధి తెరిచారు. వాళ్లిద్దరి పేర్లే ఆ సమాధికి పడ్డాయి. అందులో దొరికిన నగల్లో దుప్పటికి పెట్టుకునే పెద్ద పిన్ను ఒకటుంది, పొడవు సుమారు 30 సెంటీమీటర్లు. పైన పళ్లెంలాంటి భాగంలో ఐదు సింహాలు, కింది భాగంలో వరసలు కట్టిన బుల్లి బాతులు, అంచుల వెంట రవ్వలు. క్రీ.పూ. 7వ శతాబ్దపు పని. ఇప్పుడది వాటికన్‌లోని గ్రెగోరియన్ ఎట్రుస్కన్ మ్యూజియంలో ఉంది. వెతులోనియాలో దొరికిన నగల్లోనయితే ఇంకా సన్నని పని. రవ్వలు మిల్లీమీటరులో ఐదో వంతుకన్నా చిన్నవి. బొమ్మ అంచును కాక, బొమ్మ మొత్తాన్నీ వాటితోనే నింపేశారు. ఇటాలియన్లు దాన్ని ‘పుల్వీస్కోలో’ అంటారు, సన్నని దుమ్ము అని. మన తిరగలి లెక్కలో అది రవ్వ దాటి పిండిలోకి వచ్చేసినట్టు. అయినా భూతద్దం కింద ఒక్కొక్కటీ విడిగానే ఉంటుంది, అందుకని నేనైతే దాన్ని కూడా రవ్వే అంటాను.

రోములో ఫొర్తునాతో పియో కాస్తెల్లానీ అనే స్వర్ణకారుడు 1814లో దుకాణం పెట్టాడు. చెర్వేతెరి నగలు బయటపడ్డప్పుడు వాటిని దగ్గరగా చూసే అవకాశం అతనికి దక్కింది. ఆ చూపు అతని బతుకును మార్చింది. కొడుకులు అలెస్సాండ్రో, అగుస్తో తండ్రి దారినే పట్టారు. వాళ్లకు వెన్నుదన్నుగా, నమూనాలు గీసిచ్చే పండితుడిగా మికెలాంజెలో కయెతానీ అనే ప్రభువు నిలిచాడు. ఫ్రెంచి ఫ్యాషన్ నగలు రాజ్యమేలుతున్న కాలంలో వీళ్లు రెండున్నర వేల ఏళ్ల కిందటి సమాధుల్లోంచి నగను లేపి నిలబెట్టాలనుకున్నారు. ఐరోపా అంతా వ్యాపించిన ప్రాచీనశైలి నగల మోజుకు పెద్ద ఊపు ఈ దుకాణమే ఇచ్చింది. తాము చేసేదానికి వాళ్లు పెట్టుకున్న పేరు ‘ఇటాలియన్ పురావస్తు స్వర్ణకళ’. వెనకవైపు రెండు ‘సి’ అక్షరాలు వీపు వీపు ఆనించి పెనవేసిన ముద్ర కొట్టేవారు, ఇది మా చేతి పని అని తెలిసేలా. ఆ నిజాయతీ నాకు నచ్చుతుంది. అయితే కథ అంతా అంత శుభ్రం కాదు. మార్క్విస్ కంపానా అనే సంపన్నుడి నగల సేకరణను వాళ్లు బాగుచేశారు. కంపానా జైలుపాలయ్యాక 1861లో ఫ్రాన్సు దాన్ని కొన్నది, తర్వాత అది పారిస్‌లోని లూవ్ర్‌కు చేరింది. తర్వాతివాళ్లు పరీక్షిస్తే, అందులో చాలా నగలు పాతముక్కలకు కొత్తముక్కలు చేర్చి కట్టినవని తేలింది.

ఆకారాలు కాస్తెల్లానీలకు చిక్కాయి, రవ్వ చిక్కలేదు.

గుండ్లు చెయ్యగలిగారు, పేర్చగలిగారు. అంటించడం దగ్గర చెయ్యి ఆగింది. అలెస్సాండ్రో 1860లో పారిస్ పండితుల ముందు చదివిన ప్రసంగంలో ఈ వెతుకులాటంతా చెప్పాడు. పుస్తకాల్లో దొరకనిది ఎక్కడైనా బతికుందేమోనని వాళ్లు మారుమూల ఊళ్లు గాలించారు. అపెన్నైన్ కొండల్లో సాంతాంజెలో ఇన్ వాదో అనే చిన్న ఊళ్లో పల్లె ఆడవాళ్లకు నగలు చేసే కంసాలులు ఇంకా పాత పద్ధతుల్లోనే పని చేస్తున్నారని తెలిసి, కొందరిని రోముకు పిలిపించుకున్నారు. అకాడమీలను వదిలి కొండవూరి కుంపటి దగ్గరికి వెళ్లడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. వాళ్ల సాయంతో పని ఎంతో మెరుగైంది. వెలిగారం బదులు ఆర్సెనిక్ లవణాలు వాడి చూశారు, టంకాన్ని కంటికి ఆననంత మెత్తగా నూరి చూశారు. ఎంత చేసినా ప్రాచీనుల పనికి సాటి రాలేదని వాళ్లే ఒప్పుకున్నారు.

తేడా ఎక్కడుందో భూతద్దం చెబుతుంది. ఎట్రుస్కన్ రవ్వ రేకుకు ఒక్క బిందువు దగ్గరే ఆనుతుంది, కింద సన్నని నీడ ఉంటుంది, గుండు గుండుగా కూర్చుంటుంది. టంకంతో అంటించిన రవ్వ అలా ఉండదు. కరిగిన టంకం రవ్వల సందుల్లోకి పారి, నేతిలో మునిగిన పప్పుబద్దల్లా వాటిని సగం ముంచేస్తుంది. గుండ్రదనం పైసగానికే మిగులుతుంది. దూరానికి రెండూ ఒకలాగే మెరుస్తాయి. అయితే విడితనం పోయాక అది రవ్వ ఎలా అవుతుంది?

ఇక్కడే మాటలు దారి తప్పించాయని నా నమ్మకం. రెండు బంగారు ముక్కలు కలవాలంటే మధ్యలో మూడోది ఒకటి ఉండాలని టంకం అన్న మాట మనసులో నాటేస్తుంది. మన టంకం టంకణానికి చుట్టం. టంకణమంటే వెలిగారం. ముడి వెలిగారాన్ని ఐరోపావాళ్లు టింకాల్ అన్నారు, అది మలయ్ భాష మీదుగా పోయిన టంకణమే. అతకడానికి వాడే వస్తువుతోపాటు పేరు కూడా ప్రయాణం కట్టింది. కాస్తెల్లానీలు వెతికింది మరింత మెత్తని, మరింత పల్చని టంకాన్ని. ఎట్రుస్కన్ పనిలో అసలు ఆ అర్థంలో టంకమే లేదు.

ఉన్నదేమిటో క్రీ.శ. 79లో వెసూవియస్ పేలుడులో చనిపోయిన రోమన్ రచయిత ప్లినీ రాసిపెట్టిన ఒక పేరులో ఉంది: క్రిసోకొల్లా. గ్రీకులో క్రిసోస్ బంగారం, కొల్లా జిగురు. బంగారపు జిగురు. ప్లినీ నాటికి ఆ పేరు ఒక ఆకుపచ్చని రాగి ఖనిజానిది, స్వర్ణకారులు అతుకు పనికి వాడేది. శతాబ్దాలు గడిచాయి. 16వ శతాబ్దంలో గనుల మీద గ్రంథాలు రాసిన ఆగ్రికోలా దగ్గరికి వచ్చేసరికి అదే పేరు తెల్లని వెలిగారానికి పెట్టి ఉంది. బంగారాన్ని అతకడానికి తోడ్పడేది ఏదైతే దానికి ఆ పేరు ఒప్పుతుందనుకున్నారు, పాత వస్తువు పక్కకు పోయి కొత్త వస్తువు పేరులోకి వచ్చి కూర్చుంది. పచ్చదనం పోయింది, పచ్చదనంతోపాటు రాగీ పోయింది. ఒక విద్య పోవడానికి ఇదొక్కటే కారణమని అనను. కానీ ఆ పేరు చదివిన పండితుడికి రాగి గుర్తుకు రాకపోవడానికి ఇది చాలు.

1930ల్లో ఇంగ్లండులో లిటిల్‌డేల్ అనే ఆయన దాన్ని మళ్లీ పట్టుకున్నాడు. పద్ధతికి పెట్టిన పేరు ‘కొల్లాయిడ్ హార్డ్ సోల్డరింగ్’. అందులో పాత ‘కొల్లా’ మళ్లీ తొంగిచూస్తుంది. రాగి లవణాన్ని మెత్తగా నూరి జిగురులో కలిపి, దానితో రవ్వల్ని రేకు మీద పేర్చుకోవాలి. మెల్లగా వేడి ఎక్కిస్తే మొదట రాగి లవణం మారి రాగి ఆక్సైడ్ అవుతుంది. 600 డిగ్రీల ప్రాంతంలో జిగురు మాడి బొగ్గవుతుంది. 850 దగ్గర ఆ బొగ్గే ఆక్సైడ్‌లోని ఆక్సిజన్‌ను లాగేసి అచ్చమైన రాగిని వదిలిపెడుతుంది. ఇక రాగి, తనను ఆనుకున్న బంగారంలోకి ఇంకుతుంది. రాగీ బంగారం కలిసిన చోట కరిగే వేడి బంగారం కన్నా తక్కువ, సుమారు 900 డిగ్రీలు. కాబట్టి రవ్వ కరగదు, రేకు కరగదు, రెండూ తాకిన ఆ ఒక్క బిందువు మాత్రం క్షణకాలం కరిగి గడ్డకడుతుంది. పారడానికి ఏమీ లేదు, మునగడానికి ఏమీ లేదు. గీటురాయి మీద కంసాలి కనిపెట్టి పక్కనపెట్టే రాగే ఇక్కడ లవమాత్రంగా వచ్చి బంగారాన్ని బంగారంతో కలుపుతోంది. బిందెల మీది చిలుము కూడా ఈ పనికి వచ్చే రాగిపచ్చే.

జిగురు సంగతి వచ్చింది కాబట్టి ఇంకో మాట. మన వడ్రంగులు కొయ్య అతకడానికి ఒకప్పుడు వేడిచేసి వాడిన జంతువుల జిగురుకు ఉన్న పేరు వజ్రం. వరాహమిహిరుడి బృహత్సంహితలో గుళ్లకూ ఇళ్లకూ పూసే వజ్రలేపాల తయారీ ఉంది, గట్టితనాన్ని బట్టి వచ్చిన పేరు. అంటే మన భాషలో వజ్రమంటే రాయీ, జిగురూ. రవ్వ అంటే రాయీ, గింజా. ఎట్రుస్కన్ కంసాలి చేసింది మన మాటల్లో చెబితే, వజ్రంతో రవ్వ పొదగడమే. ఇది కాకతాళీయమని తెలుసు. తెలిసినా ఈ రెండు మాటలూ ఆ బంగారు రేకు మీద ఇలా కలుసుకోవడం చూస్తే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

ఇప్పుడు హైదరాబాదు, విజయవాడ నగల దుకాణాల్లో ‘యాంటిక్’ అన్న మాట మోగిపోతోంది. దాని అర్థం పాతది అని కాదు. ఎరుపు తిరిగిన మందమైన మెరుగు, గుంటల్లో నలుపు, లక్ష్మీదేవో నెమలో ఉబ్బెత్తుగా ఉన్న నక్షీ పని. నిన్న చేసిన హారం ఇవాళ యాంటిక్ అవుతుంది. దాన్ని తప్పుపట్టను; కాస్తెల్లానీల దుకాణం నుంచి వస్తున్న కోరికే అది, తాతలనాటి చెయ్యి తన ఒంటి మీద ఉండాలన్న కోరిక. నా బాధ మెరుగు గురించి కాదు. ఆ హారం అంచున రవ్వలు పేర్చి ఉంటే, అవి చేత్తో పేర్చినవా అచ్చుపోసినవా అని అడగడానికి కొనేవాళ్ల నోట్లో మాట లేకపోవడం గురించి. అచ్చుపోసిన దాంట్లో గుండ్లు రేకులోంచి బొడిపెల్లా లేస్తాయి, కింద నీడ ఉండదు. చేతిపనిలో ప్రతి గుండూ తన కాళ్ల మీద తాను నిలబడుతుంది. పదిరెట్లు పెంచి చూపే భూతద్దం ప్రతి దుకాణంలోనూ ఉంటుంది, అడిగితే ఇస్తారు. మజూరీలో తేడా అక్కడుంది.

మనవాళ్లు పురావస్తువుల గురించి రాసేటప్పుడు గ్రాన్యులేషన్ అని ఇంగ్లీషునే ఉంచుతారు, లేదంటే కణీకరణం అని కడతారు. కణీకరణం చదివితే రసాయనశాల గుర్తొస్తుంది, కంసాలి గుర్తురాడు. మెట్రోపాలిటన్ మ్యూజియంలోని ఆ జత గురించి తెలుగులో రాసేవాళ్లు ‘ఏనుగు మీదా సింహం మీదా రవ్వపని’ అని రాయాలని నా కోరిక. రవ్వ అంటే జనం వజ్రాలనుకుంటారని ఒక అభ్యంతరం రావచ్చు. రవ్వలడ్డు తింటూ పళ్లు విరుగుతాయని ఎవరూ భయపడటం లేదు. పక్కనున్న మాటే దారి చూపిస్తుంది: రవ్వలదుద్దులు అంటే రాళ్లు, నిప్పురవ్వ అంటే నిప్పు, రవ్వపని అంటే బంగారు గుండ్లు. వర్తకులు హిందీ మీదుగా, ఇంగ్లీషు తోక తగిలించి ‘రవా వర్క్’ అంటున్నది ఇదే. తోక తీసి, మన ‘వ్వ’ మనం పెట్టుకుంటే చాలు.